అద్దాలవాడి కొలతలు

ఆ మార్చి రాత్రి నేనూ అరిచాను.
గడియారం ఆగిపోయిన కూడలిలో
పొరుగింటి పిల్లాణ్ణి భుజాలకెత్తుకుని
"రండి, ఎవరైనా సరే, రండి" అని
ఆకాశాన్ని పిలిచాను.

ఊరి చివర ఉప్పు గోదాముల దగ్గర
ముప్ఫై రెండు ట్యాంకులు.
మేడెక్కి లెక్కపెట్టాను. లెక్క నా వృత్తి.
కిటికీలకి అద్దాలు కోసేవాణ్ణి,
వెంట్రుకవాసి తేడా వస్తే
ఆ పూట కూలి పోగొట్టుకునేవాణ్ణి.

నాలుగో రోజు తెల్లవారుజామున వచ్చారు.
ముందు వెలుగు. తర్వాత చప్పుడు.
ఆ తర్వాత మా వీధి వీధంతా
ఒక్క గొంతుతో పగలడం.
చెప్పులు లేకుండా బయటికి ఉరికి
గాజుపెంకుల మీద గంతులేశాం,
అరికాళ్ల నెత్తురు ఎవరిదో ఎవరికీ పట్టలేదు.
హనియా పిన్ని ఖర్జూరాల పళ్లెంలోంచి
పెంకులు ఏరేసి
తలొకటి నోట్లో పెట్టింది.

మెకానిక్ షెడ్డు గోడ మీద
వాళ్ల జెండా వేసింది నేనే.
నిలువు చారలని తెలీక అడ్డంగా వేశాను.
వేరే ఏ దేశానికో
దండం పెట్టినట్టయింది.

ట్యాంకులు పోయాయి. కాదనను.
వాటి వెనకున్న వంటశాల కూడా పోయింది.
అందులో ఉల్లిపాయలు తరుగుతున్న
మా మేనత్త కొడుకు మిఫ్తాహ్ పోయాడు.
ఇష్టపడి వెళ్లలేదు వాడు,
బస్సు దిగుతుంటే పట్టుకెళ్లారు.
జేబులో నా అప్పుచీటీ దొరికిందని
ఎవరో తెచ్చిచ్చారు,
అంకె వున్న వైపు కాలిపోయింది.

ఆ రాత్రి రేడియోలో
గురి తప్పలేదన్నారు.
తప్పలేదు.
తప్పివుంటే
తిట్టుకోవడానికి నాకొకడు దొరికేవాడు.

ఆ యేడు నాకు తీరికే లేదు.
ట్యునీసియా నుంచి లారీల్లో అద్దాలు తెప్పించాను.
బడి, ఆసుపత్రి, మసీదు పైవరస.
ఆ డబ్బుతోనే పై అంతస్తు వేశాను.
ఇప్పటికీ ఆ మెట్లెక్కుతుంటే
ఉల్లిపాయ వాసనొస్తుంది, నవ్వకండి.

పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు.
మా దగ్గర అదీ జరగలేదు.
పిల్లి వచ్చింది, ఒక పిట్టని నోట కరుచుకుంది,
గోడ దూకి వెళ్లిపోయింది.
మిగిలిన పిట్టలకి
దాని గోళ్లు మొలిచాయి.

రేవు కుర్రాళ్లు, కొండ కుర్రాళ్లు
నిన్నటిదాకా ఒక్క కంచంలో తిన్నవాళ్లు.
ఇప్పుడు రొట్టెల దుకాణానికి వెళ్లాలంటే
రెండు చోట్ల చేతులెత్తాలి,
ఒకచోట మా నాన్న పేరు చెప్పాలి,
ఇంకోచోట దాచాలి.

మళ్లీ పిలిచారు కొందరు ఆకాశాన్ని.
అది చాన్నాళ్లు పలకలేదు.
పలికినప్పుడు గొంతు వేరు.
లోపల మనిషి లేని సన్నటి విమానం,
రెక్కల మీద ఏ రంగూ లేదు.
గోడ మీద ఏం వెయ్యాలని
ఈసారి నన్నెవరూ అడగలేదు.

"వాళ్లు ఆనాడు రాకపోతే
ఈ అనుమానం పడ్డానికి నువ్వుండేవాడివట్రా?"
టీ నురగ తీస్తూ హనియా పిన్ని అడుగుతుంది.
ఉండేవాణ్ణి కాదు.
భుజాల మీదున్న ఆ పిల్లాడూ ఉండేవాడు కాదు,
వాడికిప్పుడు మీసాలు.
అది నాకు తెలుసు.
తెలిసినదాని పక్కనే పీట వేసుకుని
మిఫ్తాహ్ కూర్చుంటాడు, కత్తితో, కళ్లు తుడుచుకుంటూ.
ఇద్దర్నీ ఒక్క చట్రంలో బిగించబోతాను.
ఎన్నిసార్లు కొలిచినా
ఎక్కడో ఒక మూల టక్కుమంటుంది.

చట్రం కంటే అద్దం రవ్వంత తక్కువ కోయాలి,
ఎండకి అది ఒళ్లు విరుచుకుంటుంది, చోటుండాలి,
అని నేర్పాడు నాన్న.
అంత ఎత్తునుంచి చూసేవాళ్లకి
ఆ రవ్వంత కనబడుతుందో లేదో.
నాకైనా ఆ రాత్రి కనబడిందా?

ఇవాళ పిన్ని వంటింటి కిటికీ. నాలుగోసారి.
"అద్దం వద్దు, చెక్క కొట్టెయ్."
"చీకటైపోతుంది పిన్నీ."
"వినిపిస్తుందిగా, చాలు."

టేపు తీశాను, చెయ్యి అలవాటు.
నలభై ఏడు. అరవై మూడు.
కాగితం కనబడక
అరచేతి మీద రాసుకున్నాను.