టి-నాలుగు

మూడు నెలలు ఐలా వెస్టెరినెన్‌తో నా పరిచయం
కాఫీ మిషను దగ్గర తలూపులే.
ఔలు నగరం గోడల్లోకి వేడినీళ్లు పంపే కంపెనీలో
ముప్ఫయ్యొకటో చలికాలం ఆమెకి.
బిజినెస్ అనలిస్టంటే ఏం చేస్తారంటే
"అడుగుతాను" అంది. అంతే.

పాత సిస్టమ్‌ను కొత్తదాంట్లోకి మోసే పని నాది.
టి-నాలుగు అని ఒక గడి,
నలభై వేల ఇళ్లలో పదకొండింటికే టిక్కు.
వాడుకలో లేదు, తీసేద్దాం, అని రాసేశాను.

మర్నాడు నా వాక్యం మీద పెన్సిల్ గీత.
"కోటేసుకో."

బస్సులో మాటల్లేవు. బయట మైనస్ ఇరవయ్యారు.
మూడో అంతస్తులో ఒకాయన తలుపు తీశాడు,
ఐలాని చూసి, అడక్కుండానే చెప్పులు ముందుకు తోశాడు.
వెనక గదిలో ఊపిరి మిషను
తన లెక్క తాను పెట్టుకుంటోంది.

దిగి వస్తూ మెట్ల మీద చెప్పింది:
"బాకీ పడితే వేడి ఆపెయ్యాలన్నది
నేను రాసిన మొదటి రూలు.
ఒక్క బగ్గు లేదు. అందరూ మెచ్చుకున్నారు.
ఆ జనవరిలో ఆయన తల్లి ఇక్కడే ఉండేది."

ఉండేది,
ఆ మాట దగ్గర ఆగి, చేతితొడుగు సర్దుకుంది.

ఆఫీసుకొచ్చాక
మిగతా పది ఇళ్ల సంగతి అడిగాను.
తన కుర్చీ పక్కకి ఇంకో కుర్చీ లాగింది.