ఐదు డోసుల సీసా

ఆటో ఇంజను ఆపలేదు.
ఎనిమిది మంది, గోనెసంచులు, గేసు పొయ్యి,
నీచువాసన వదలని రెండు దుప్పట్లు.
ఆమదాలవలసలో రైలు పదకొండున్నరకి.
"బేగి తెమల్చండమ్మా" అంటున్నాడు డ్రైవరు
నేను నీలిపెట్టె మూత తీస్తుంటే.

డి.మత్స్యలేశం నుంచి వేరావల్.
చేపలెటు ఉంటే సగం ఊరు అటు.
కార్డు మీద పిల్లకింకా పేరు లేదు,
బేబీ ఆఫ్ సూరాడ నీలవేణి.
తొమ్మిది నెలలు నిండి ఆరు రోజులు.

"తట్టు పోస్తే అమ్మోరే సూసుకుంటాది,
మా కాలంలో ఇయ్యన్నీ ఏటి?"
అసిరమ్మ ముసల్ది చెయ్యూపింది.
ఊపిన చేతి మీద
రూపాయి బిళ్ళంత మచ్చలు రెండు,
ఎప్పుడో ఎవరో ఇంతదూరం నడిచొచ్చి వేసిన టీకాలు.
నేనేమీ అనలేదు, చూశాను.
ఆమె పైట సర్దుకుంది.

నీలవేణి తమ్ముడు ఆఫ్రికా ఓడెక్కినప్పుడు
విశాఖపట్నంలో సూది పొడిచి
పసుప్పచ్చ పుస్తకం చేతిలో పెట్టారట.
అది లేకపోతే ఓడ ఎక్కనివ్వరట.
ఈ సంటిదాన్ని రైలెక్కించడానికి
ఎవరూ ఏ కాగితమూ అడగరు.
నేనే అడగాలి.

సీసా మీద గుండ్రం, గుండ్రంలో చిన్న చదరం.
చదరం తెల్లగా ఉంటే మందు బతికున్నట్టు.
నీడలోకి తిప్పి చూశాను. బతికే ఉంది.
ఒక్క పిల్లకి ఐదు డోసుల సీసా,
నీళ్ళు కలిపాక నాలుగే గంటలు,
ఎందుకు తెరిచావంటే
ఆటో కదులుతోందని రాయడానికి రిజిస్టర్లో గడి లేదు.

కుడిచెయ్యి. ఒక్క కేక.
ఆటో మలుపు తిరిగేదాకా ఆ కేక వినపడింది,
తర్వాత సముద్రం.

మిగిలిన నాలుగు డోసులు పట్టుకుని
తాళాలేసిన గుమ్మాల మధ్య తిరిగాను.
ఒక పిల్లాడు వలల చాటున దొరికాడు,
ఇంకో పిల్ల అమ్మమ్మ ఒళ్ళో నిద్రలో.
రెండుంపావుకి సీసా పారేశాను.
వృథా: రెండు. ఎర్రసిరా.

వైశాఖంలో కార్డు తిరిగొచ్చింది
ఉప్పుతడికి అంచులు ఉబ్బిపోయి.
పద్దెనిమిదో నెల గడిలో
నాకు రాని గుజరాతీలో ఎవరిదో సంతకం,
తలకట్లు లేని అక్షరాలు.
పేరు తెలీదు, ముఖం తెలీదు.
ఆమెకీ ఆ రోజు ఏ ఆటోయో హారన్ కొట్టే ఉంటుంది.

"పేరెట్టినాం, జలజ" అంది నీలవేణి.
బేబీ ఆఫ్ కొట్టేసి రాస్తుంటే
పిల్ల నా పెట్టెను గుర్తుపట్టి
తల్లి వెనక్కి నక్కింది.