లాకులెత్తే లోపు

మాల్వంకర్ గొప్పా, తంగరాజ్ గొప్పా అని
ముప్పై ఏళ్ళుగా కొట్టుకు చస్తున్నాం
నేనూ, లొల్ల లాకుల దగ్గర లస్కరు నేలపూడి అబద్ధమూ.
పేరుకే అబద్ధం.
అతను తప్పు అంకె చెప్పగా నేను వినలేదు.

మాల్వంకర్‌వి మూడు టెస్టులు, ఐదు ఇన్నింగ్సులు,
నూట తొంభై పరుగులు.
ఆరోసారి ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు,
సాయంత్రం దాకా వికెట్టు పడలేదు.
మర్నాడు వాన. పై నెల జట్టులో పేరు లేదు.
ఆ ప్యాడ్లు ఎప్పుడు విప్పాడో
ఏ పేపరూ రాయలేదు.

తంగరాజ్‌ది ఒకే ఒక్క వన్డే.
పదకొండు, నాటౌట్.
ఇంటికెళ్ళే దారిలో స్కూటరు, మోకాలు.
"మరి సరాసరి ఎంతండీ?" అంటాడు అబద్ధం, నన్ను ఉడికించడానికి.
భాగించడానికి ఒక్కసారైనా ఔటవ్వాలి కదా!
రికార్డుల పుస్తకంలో ఆ గడిలో ఒక అడ్డగీత.
ముప్పై ఎనిమిది కన్నా
నాకా గీతే ఎక్కువ.

"ఆయ్, గీతని చూసి మురిసిపోతే ఎలాగండీ?
విస్తరి ముందు కూర్చున్నోడు ఒక్క ముద్దకే లేచిపోతే
వంట బాగున్నట్టా, బాగోనట్టా?"
"మరి ఐదు ముద్దలు తిన్నోణ్ణి రెక్క పట్టుకు లేపేశారే, అదో?"
అక్కడికి ఇద్దరి టీలూ చల్లారిపోతాయి.

మాకు క్రికెట్టంటే కాలువ కట్టేసిన నెల.
నీళ్ళాపిన నాలుగు రోజులు బురద,
వారానికి నత్తగుల్లల మధ్య బీటలు,
ఆపైన అంబాజీపేట నుంచి తెచ్చిన కొబ్బరిపీచు పట్టా
మేకులు కొట్టి పరిస్తే, అదే పిచ్.
గట్టుకు తగిలితే రెండు. గట్టెక్కితే ఆరు.
వంతెన నీడలో నేను, స్కోరు పుస్తకం,
జేబులో రెండు పెన్సిళ్ళు.
నీళ్ళొదిలే తేదీ పైనుంచి కాగితం మీద వస్తుంది.
ఎవడు ఎంతలో ఉన్నా
ఆ సాయంత్రంతో సీజను సరి.
తలుపులెత్తేది అబద్ధమే.

ఆ ఏడు ఆఖరి రోజు
పెచ్చెట్టి దొరయ్య, ఇటిక బట్టీలో పనోడు,
తొంభై ఆరు మీదున్నాడు.
ఐదింటికి ఎత్తాలి. ఐదయింది.
మరలో హ్యాండిలు దూర్చి అబద్ధం
పైనుంచి మావైపే చూస్తున్నాడు.
ఒక బంతి, ఖాళీ.
రెండోది ప్యాడుకి. ప్యాడెక్కడిది, పిక్కకి.
మూడోది గట్టుకు తగిలి రెండు.
కింది చేల వాళ్ళు సైకిళ్ళ మీద వచ్చి కేకలేస్తున్నారు
విత్తనాలు నానబోశాం, ఇంకెప్పుడని.
నాలుగోది
దొరయ్య కొట్టాడో, దానంతటదే తగిలిందో,
నిలువునా లేచింది.
నలుగురు తలలెత్తుకుని దాని కిందికి పరిగెత్తారు.
అప్పుడు వినపడింది, తలుపుల కింద నీళ్ళ హోరు.

పట్టా తడిస్తే మళ్ళీ కొనలేం.
అందరం పట్టా మీదకే ఉరికాం,
మేకులు పీకి, చుట్టి, భుజాల మీద గట్టెక్కించి
వెనక్కి చూస్తే
ఎర్రనీళ్ళ నురగ మీద బంతి తేలిపోతోంది.
ఔటా, ఆరా?
పెన్సిలు పట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాను.
అబద్ధానికి తొమ్మిది నిమిషాల ఆలస్యానికి మెమో వచ్చింది.
దొరయ్య మరుసటి ఏడు ఏ బట్టీకి పోయాడో, రాలేదు.

మొన్న, రిటైరైన లస్కరు
అరుగు మీద చుట్ట ఆర్పుతూ అన్నాడు:
"పైనుంచి నాకు కనపడిందండీ.
తిన్నగా సూరిగాడి సేతుల్లోకే దిగుతంది.
అందుకే ఎత్తేశాను."

నేనేమీ అనలేదు.
కాసేపటికి తనే దగ్గి,
"అయినా మాల్వంకరే గొప్పండి" అన్నాడు.