ఆఖరి రేకు

కరీంనగర్, మంకమ్మతోట. డీటీపీ షాపుల
నా కుర్చీ వెనక నిలబడ్డడు కనకాచారి పెదనాయిన,
వేళ్ల సందులల్ల వెలిగారం పొడి.

ఒక్క రేకు గీసిన.
తిరిగే చుక్కను రేకు కడుపుల నుంచి గుంజి
పళ్లెం నడిమిట్ల పెట్టిన.
మూడువందల అరవై, భాగించు పదిహేడు.
ఎంటర్.

పదిహేడూ ఒక్కపారే ఇచ్చుకున్నయి.

"నా చేతుల ఆఖరి రేకు
ఎప్పుడూ ఇరుక్కోనే కూసుంటది బిడ్డా,
వేములవాడ బస్సుల
ఎనకొచ్చి ఎక్కినోని లెక్క."

శేషం లేకుంట తెగే లెక్క కాదిది.
మిగిలిన ఇసుమంత ఎవలి ఒళ్లె వేసిందో
మిషన్ చెప్పదు.

కాయితం మడిచి
వెండి తీగ చుట్టున్న జేబుల్నే పెట్టుకున్నడు.
మెట్ల కాడ ఆగి అడిగిండు:

"ఇండ్ల మొదలు గీసింది ఏదో
గురుతు పెట్టినవా?"