ఇతరములు

అర్జీలో రాసింది ఇంతే:
"పక్కింటివాళ్ళు గోడకి ఒక మిషను తగిలించారు.
తెల్లారగట్ల గుర్రుమంటోంది. నా లెక్క తప్పుతోంది.
ఇట్లు, నేతల ఎస్తేరు."
ఏం లెక్కో రాయలేదు.

నరసాపురం, వలంధర రేవుకి పోయే దారిలో మూడో సందు.
సైకిలు తొక్కితే రెండు మోచేతులూ గీసుకుంటాయి.
నేను వార్డు ప్లానింగు సెక్రటరీని,
సంచిలో టేపు, స్టాంపు ప్యాడు, మజ్జిగ సీసా.
హద్దు నుంచి మీటరు వదలాలని మా కాగితం.
టేపు లాగాను.
సందు మొత్తం తొంభై రెండు సెంటీమీటర్లు.

మిషను పేరు హీట్ పంపు.
మా ఫారంలో ఆ పేరు లేదు.
మెట్లున్నాయి, సన్‌షేడుంది, మరుగుదొడ్డి ఉంది,
గేదెల పాక కూడా ఉంది.
అట్టడుగున "ఇతరములు" అని అగ్గిపెట్టంత గడి.
ఊళ్ళోకి కొత్తగా ఏదొచ్చినా
ముందు బస చేసేది అందులోనే.

"కింద దిమ్మ మీద పెట్టించాల్సిందమ్మా, చప్పుడు తగ్గును."
బర్రి గంగాభవాని గోడ మీద మరక చూపించింది.
నడుమెత్తున గోదారి గీసి వదిలేసిన బురద గీత.
"మీ రూలు మీటరండి. దాని రూలు ఇదండి.
ఏది తప్పితే జరిమానా ఎక్కువ?"
కొని రెండు నెలలు కాలేదు,
బోల్టుల చుట్టూ అప్పుడే ఉప్పుగాలి తుప్పు.

తర్వాత చేతులు చాపింది.
రొయ్యల కంపెనీలో పదహారేళ్ళు
ఐసులో ముంచి తీసిన చేతులు.
తల తుంచు, పొట్టు ఒలువు, కేజీకింత.
ముడుచుకున్న వేళ్ళు
నాలుగింటికి వేణ్ణీళ్ళలో పెడితేగాని విచ్చుకోవు,
అప్పుడుగాని జడ పడదు, వ్యాను అందదు.
గీజరు కూలి డబ్బుల్ని తాగేస్తోందని
చీటీ పాడి కొన్నది ఈ పంపు.
గాల్లో వేడి పీల్చి నీళ్ళకిస్తుందట.
మన ఏప్రిల్లో దానికేం కరువు!

గోడకవతల ఎస్తేరుగారిది లేసు.
గొలుసులు పదమూడు, ఒక ఖాళీ, మళ్ళీ పదమూడు.
ఇంట్లో అందరూ లేవకముందు
ఆ నాలుగింటికే ఆవిడకీ తీరిక.
పంపు గుర్రుమనగానే
పదకొండు తర్వాత పన్నెండా, మళ్ళీ పదా?
ఒక్క కన్ను తప్పితే వరసంతా విప్పాలి.
విప్పిన వరసకి ఏజెంటు డబ్బివ్వడు.

చప్పుడు కొలిచే యంత్రం మా ఆఫీసుకి ఇంకా రాలేదు.
వెయ్యమన్నాను, చెవితోనే విందామని.
మిట్టమధ్యాహ్నం, ఇటుకలు కూడా చెమటలు కక్కే వేళ,
పంపు మూతి దగ్గర చెయ్యి పెట్టాను.

చలి.
వేడంతా లాగేసుకున్నాక మిగిలిన గాలి,
కడవ మీద తడిగుడ్డ లాంటిది.

"ఎస్తేరుగారూ, ఓసారిలా రండి."
కొక్కెం వేలికుండగానే వచ్చింది.
నిలబడింది. మెడ మీది కొంగు కాస్త జరిపింది.
"ఇది మావైపే ఊదుతోందా?"
"ఆయ్."
చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత భవానీతో, నాతో కాదు:
"దీన్ని తెల్లారగట్ల వెయ్యడమెందుకే?
ఇప్పుడేసి, కాగాక ఆపు.
మా ఆయన ఫ్లాస్కులో టీ రాత్రిదాకా ఉంటోంది,
ఇంత డబ్బు పోశావు, నీ తొట్టికి ఆపాటి మూత లేదా?"

ఉంది. మెకానిక్కు చెప్పే ఉంటాడు,
ఆ రోజు వినే ఓపిక ఎవరికుంది?

నా రిపోర్టు:
దూరం చాలదు. ఎత్తు, వరద గీతకి పైన.
చప్పుడు కొలవలేదు.
చల్లదనానికి గడి లేదు గనక ఇతరములలో రాశాను.
పైవాళ్ళు ఎర్రసిరాతో సున్నా చుట్టి
"ఇదేమిటి?" అని వెనక్కి పంపారు.

జవాబు రాసుకుందామని మొన్న మళ్ళీ వెళ్ళాను.
సందుకడ్డంగా ముక్కాలి పీట, దాని మీద ఆవిడ,
ఒళ్ళో తెల్లగా సగం బల్లగుడ్డ.
దారి కడ్డం పెట్టిన పీట కూడా ఆక్రమణే,
దానికి మాత్రం ఫారంలో గడి ఉంది.

"పన్నెండు" అంది తలెత్తకుండా.
"కాస్త పక్కకి జరగండి, వెలుగుకడ్డం."