నీళ్ల సాసరు కాడ

మృగశిర పోయి తొమ్మిది దినాలు.
పేరులో జింక తల ఉండాది గానీ
కార్తె పొడుగునా ఒక్క చినుకు లేదు.
తలకోన అవతల మూడో మలుపులో
రెడ్డెప్ప ట్యాంకరు రివర్సులో వస్తాది.
నేను పైపు పట్టుకుంటా.
సిమెంటు సాసరు నిండేదానికి
ఒకటిన్నర బీడీ పడతాది.

ఈ పొద్దు బురదలో చదివింది:
దుప్పులు ముప్పై దాకా,
కణుజు ఒకటి, వెనక కాలు కుంటు,
పందులు, అన్నీ తొక్కి చెరిపేసి పొయినాయి.
వీటన్నిటి మీదా
ఆఖర్న వచ్చి తీరిగ్గా వేసిన
చిరుతపులి అడుగు.
పరుగెత్తిన జాడ లేదు.

ముందు అట్ల కాదు.
కోన కోనకీ ఒక చెలమ.
ఏ దుప్పి ఏ చెలమకి దిగతాదో
పులి కనుక్కోవాల.
పది తూర్లు దూకితే తొమ్మిది తూర్లు
నోట్లోకి వచ్చేది గడ్డే.
మా మామ పోలయ్య అనేవాడు:
"దక్కింది పులిది.
తప్పిందే రా, అడివంటే."

ఇప్పుడు చెలమలు పూడిపొయినాయి.
తినేదీ, తినబడేదీ
ఒకే గిన్నె కాడికి రావాల.

రేచుకుక్కలు ఏడు ఉండె.
పోయినేడు మూడు.
నీళ్లకాడ కాచుకునే జాతి కాదు అది.
తరిమి తరిమి మందని చెదరగొట్టి
ఒక కొండ మేసినాక ఇంకో కొండకి తోలేవి.
తోలేవాళ్లు లేక దుప్పులు ఈడే పడుంటాయి.
సాసరు చుట్టూరా
ఏ చందనం మొలకా మోకాలు దాటదు.

"పక్క అడవిలోంచి రావచ్చు కదా కొత్తవి?"
అంటాడు కొత్తాఫీసరు చెంగల్రాయులు.
ఏ దోవన సార్?
ఇటు హైవే, అటు రైలుకట్ట,
కిందంతా మామిడితోటల కరెంటు కంచె.
చుట్టూ నీళ్లు లేని లంక ఇది.

బాకరాపేట సంతలో టమాటాలు తూచే కంగయ్య
కాటా మీద బొటనవేలు ఆనిస్తాడు, తెలిసే.
పైపు పట్టుకున్నప్పుడల్లా
నా బొటనవేలు యాడుందో చూసుకుంటా.
పోస్తే పులి పక్కన.
పొయ్యకపోతే ఎండ పక్కన.
నడిమధ్యన నిలబడే తావు
ట్రైనింగులో ఎవురూ చూపించలేదు.

రాత్రి క్యాంపులో పడుకోనుంటే
కొండ మీంచి ఒక ఈల.
రేచుకుక్క మందని పిలిచే ఈల.
కొంచేపు ఆగింది. మళ్లా.
లేచి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకోని
అదే మాదిరి ఊదినా.

అది ఇంక పిలవలేదు.
చాలాసేపు చూసినా.
నమ్మినట్టు లేదు.

తెల్లారి రిజిస్టరులో
రేచుకుక్కల గడిలో ఒకటి అని రాసి,
అంకె పక్కన రవంత చోటు వదిలిపెట్టి,
ట్యాంకరు కోసరం చూస్తా కూచున్నా.