అయిదుకి అయిదు

రుషికొండ మీద, మూడో అంతస్తులో
ఏసీ గది. బల్ల మీద అరచేతంత నల్ల డబ్బా.
ఎదురుగా గరికిన నూకరత్నం, పెదజాలారిపేట.
వయసు యాభై రెండని మేమే రాసుకున్నాం.
తట్ట కింద సెక్యూరిటీ దగ్గర వదిలి
చేతులు మూడుసార్లు కడుక్కుని వచ్చింది,
మాటకి నీచు వాసన అంటుతుందేమో అన్నట్టు.

నా పని వినడం కాదు, లెక్కపెట్టడం.
కాగితం మీద ఒకటే గడి: వాడేవారి తప్పులు.

"వంజరం రేటెంత?"
"పంజరం ధర పన్నెండు వందల నుంచి మొదలు" అంది డబ్బా.
గీత.
"వంజరమే, సేప!"
"క్షమించండి, నాకు అర్థం కాలేదు."
గీత.
బయటికెళ్ళి కిళ్ళీ ఉమ్మేసొచ్చింది.
"కింద పన్ను ఊడిపోనాది, గాలి పోతంది.
తప్పు నాదేలే పాపా."

అప్పుడు గొంతు మార్చింది.
టీవీలో వార్తలు చదివే పిల్లలా వీపు నిటారుగా పెట్టి
ఒక్కో అక్షరానికీ పొలుసు తీసి, కడిగి,
"దయ చేసి... వంజరము... యొక్క... రేటు."
తెల్లారగట్ల హార్బర్ వేలంపాటలో
ముప్పై మంది మగాళ్ళ మీంచి దూకే గొంతు
చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది.
నాకు తెలుసు ఆ గొంతు.
'నాను'ని 'నేను' చేసుకోడానికి
నాకు డిగ్రీ మూడేళ్ళూ పట్టింది.
గీత.

"పోనీ ఇది సెప్పు. గంగ ఎలగున్నాది రేపు?"
"గంగానది హిమాలయాల్లో పుట్టి..."
డబ్బా చెబుతూనే ఉంది, హరిద్వార్ దాటింది, కాశీ దాటింది.
నూకరత్నం లేచి
తెరుచుకోని అద్దాల కిటికీ ముందు నిలబడింది.
కింద సముద్రం, చప్పుడు లేకుండా.
"నీల్ల రంగు మారింది సూడు. రేపు పడవలు దిగవు"
అంది, నాతో కాదు, డబ్బాతో కాదు.
ఆ మాట ఎక్కడ రాయాలో తెలీక
పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీశాను.

మొత్తం పదకొండు గీతలు.
ఆఖరి ప్రశ్న: వాడటం ఎంత సులువుగా ఉంది,
ఒకటి నుంచి అయిదు?
"మార్కులు తగ్గితే నీ కొలువుకేటైనా ఔద్దేటి?"
నవ్వాను. నవ్వూ రికార్డయింది.
"అయిదెయ్యి."

మూడొందల కూపను కొంగున ముడేసుకుని
లిఫ్టు ముందు ఆగింది. మూసిన తలుపుతో మెల్లగా
"కిందకి" అంది.
మీట నొక్కాలని నేను చెప్పేలోపే
గొంతు సవరించుకుని, ఇంకాస్త శుభ్రంగా
"క్రిందికి."